మూడు బోట్ల నవలకి నేను చేసిన మేలు

ఇది ఒక ఘోర ప్రమాదం కథ. ప్రాణనష్టం ఏమీ జరగలేదు, పోయింది ఒక్క నా పరువే. అది కూడా ఊరందరి ముందు, పట్టపగలు, నా నోటితోనే పోయింది. నవ్వదల్చుకున్నవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను ఎచ్చెర్లలో లైబ్రరీ సైన్సు పూర్తిచేసి, శ్రీకాకుళంలో పట్టణ గ్రంథాలయంలో కాంట్రాక్టు మీద కొత్తగా చేరాను. మాది అరసవల్లి. నాన్న, తాతయ్య, మేనత్త అందరూ పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లే. అడిగినా అడక్కపోయినా ఎదుటివాళ్లని బాగుచేసెయ్యడం మా ఇంటి జబ్బు. నాకది కాస్త ముదిరింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టణ గ్రంథాలయాన్నీ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న గ్రంథాలయాలనీ కలిపెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట అందరికీ ఒకే కార్డు. దాంతో ఎవరైనా ఎక్కడైనా పుస్తకం తీసుకోవచ్చు. భావనపాడు దాటాక ఉన్న ఒక చేపలపల్లె నా వంతుకి వచ్చింది. మా పెద్ద లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కుర్చీ వేశారంటే విషయం పెద్దదని అర్థం.

"చూడమ్మా, ఆ ఊరి జనం కార్డులు తీసుకుంటేనే అక్కడి గది నిలుస్తుంది, కొత్త పుస్తకాలు వెళ్తాయి. వద్దన్నారో, గదికి తాళం వేసి ఉన్నవి కూడా ఇక్కడికి తెచ్చెయ్యమంటారు. జాగ్రత్తగా మసులుకో."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్!" అన్నాను. పాపం, ఆయనకి నిశ్చింత కరువైంది ఆ రోజునుంచే.

ఆ పల్లెలో గ్రంథాలయం అంటే తుఫాను షెల్టరులో ఒక గది. తాళంచెవి నూకమ్మ కొంగున ఉంటుంది. ఆవిడ పొద్దున్నే చేపల గంపతో టెక్కలి వెళ్లి, అమ్ముకొచ్చి, మధ్యాహ్నం గది తెరుస్తుంది. నేను వెళ్లి లేబుళ్లు అంటించి తెస్తానంటే, "అట్టికెల్లమ్మా, తొందరగా తెచ్చీ. మావోలు ఎదురుసూస్తారు" అని పుస్తకాలన్నీ ఆటోలోకి ఎక్కించింది.

పట్టణానికి తెచ్చి తెరుద్దును కదా, ప్రతి పుస్తకంలోనూ చిరిగిన వలల నైలాను దారాలు! ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో ఆకుపచ్చ, కొన్నింట్లో రెండేసి, మూడేసి రంగులు. చేపల వాసన సరేసరి. నాలో మా మేనత్త నిద్రలేచింది. "అయ్యో, సరస్వతీదేవికి ఎంత గతి పట్టింది!" అనుకుని ఒక్కొక్క దారమే లాగి పారేశాను. పారెయ్యడం కూడా కాదు, నా తెలివి ఇంకా ఎక్కువ. ఆ దారాలన్నీ పేని, వాటితోనే పుస్తకాలు కట్టలు కట్టాను. ఖర్చు లేదు, చెత్త లేదు. నా భుజం నేనే తట్టుకున్నాను. తీరిక దొరికితే అందులో ఒక డిటెక్టివ్ నవల కూడా మొదటినుంచి చివరిదాకా చదివేశాను. ఆ సంగతి గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది అదే.

లేబుళ్లు తళతళలాడే పుస్తకాలతో, కార్డుల పెట్టెతో పల్లెకి తిరిగెళ్లాను. షెల్టరు నిండా జనం. నూకమ్మ ఆ డిటెక్టివ్ నవల అందుకుని, తిరగేసి, దులిపి, మళ్లీ తిరగేసింది.

"ఇందల దారాలేవమ్మా?"

"తీసేశానండీ! శుభ్రంగా ఉంది చూడండి."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా వదల్లేదు. ఇదిగో, ఈ కట్టలకి కట్టింది అవే!"

నేను గర్వంగా చూపించాను. నూకమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని గోడకి చేరబడిపోయింది.

"ఓలమ్మో, ఎంత పని సేసీసినావే గుంటా!"

అప్పుడు తెలిసింది నాకు. వేట లేని పూట ఒక బోటు వాళ్లంతా ఒకచోట కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు పైకి చదువుతుంటే మిగతావాళ్లు చేతులు ఆపకుండా వింటారు. ఆ పూట ఎక్కడ ఆపారో అక్కడ తమ బోటు రంగు దారం పెట్టి, పుస్తకం ఇంకో బోటుకి ఇచ్చేస్తారు. ముందున్న బోటువాళ్లు వెనకున్నవాళ్లకి కథ చెప్పకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. పెళ్లిలో కూర్చున్నా, కల్లు తాగినా, నోరు జారకూడదు.

ఆ డిటెక్టివ్ నవల మీద మూడు బోట్లున్నాయి. అందరికంటే వెనక ఆకుపచ్చ దారం, ముసలి అప్పన్నది. అందరికంటే ముందు నారింజ దారం, అప్పన్న బావమరిది తాతారావుది.

"ఇప్పుడు మావెక్కడున్నామో ఎవుడికి తెలుసును?" అన్నాడు అప్పన్న దీనంగా.

"నీ కార్డులు నువ్వట్టికెల్లిపో. కలిపితే ఇలగుంటాదంటే మాకొద్దు" అన్నాడు తాతారావు ఏ దైన్యమూ లేకుండా.

గదికి తాళం పడే చప్పుడు నాకు వినిపించింది. మొహం తుడుచుకుని బస్సెక్కేసినా బాగుండేది. కానీ నేను లైబ్రరీ సైన్సు చదివినదాన్నయితిని!

"ఉండండి, ఇప్పుడే కనిపెట్టేస్తాను. మూడు బోట్లవాళ్లూ ఇలా కూర్చోండి. నేను అక్కడక్కడ చదువుతాను. విన్నారో లేదో చెప్పండి, అంతే!"

"అందరినీ ఒక్కసోట కూకోబెడతావా?" నూకమ్మ అనుమానంగా అడిగింది.

"అదే కదండీ తేలిక!"

మూడు బోట్లనీ కలిపేశాను. పుస్తకం మధ్యకి తెరిచి, గొంతు సవరించుకుని, డాక్టరు గారి బంగళా తగలబడే ఘట్టం చదివాను.

"ఇనీసినాం, ఇంకా ముందుకెల్లు" అన్నాడు తాతారావు.

"డాట్రు బంగళా కాలిపోనాదా!" అప్పన్న లేచి నిలబడ్డాడు. "ఓరి బావా, నీకు తెలుసునేటిరా? తెలిసీ నిన్న నాతో కూకొని టీ తాగినావా?"

"కట్టుబాటు బావా! సెప్పకూడదు గదా!"

"మరి డాట్రు బతికున్నాడా? ఆడే సంపీసినాడా ఆ జమీందార్ని? అంత మంచోడు!"

అప్పన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసినదాన్ని, కనీసం ఆ ముసలాయన్ని ఓదార్చాలనిపించింది. చెయ్యి పట్టుకుని మెత్తగా అన్నాను.

"బాధపడకండి తాతా. డాక్టరు గారు ఏ పాపం ఎరగరు. చంపింది కంపౌండరు కదా!"

అప్పన్న నా చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు.

తాతారావు మెల్లిగా నోరు తెరిచాడు. "మాకింకా రెండు పేజీలే ఉన్నాయి." మధ్యనున్న నీలం బోటువాళ్లయితే నావైపు చూడ్డం కూడా మానేసి నూకమ్మ వైపు తిరిగారు.

నేను ఏడుపు మొహంతో కార్డుల పెట్టె మూసేశాను. ఉద్యోగం పోతుందని కాదు. ఇంత ఇష్టంగా కథ వినే మనుషుల గదికి నా మూలంగా తాళం పడుతోందని. "క్షమించండమ్మా, మళ్లీ మీ ఊరు రాను" అన్నాను.

"రాకపోతే ఎలగ?" అంది నూకమ్మ. "మూడు బోట్ల కతా పాడుసేసీసినావు. మూడు బోట్లకీ నువ్వే సదవాల. కొత్తది తే, మొదట్నించి సదువు, అందరికీ ఒక్కసారే. అలగైతేనే కార్డులు తీసుకుంటాం. ఏటంటావు మావా?"

అప్పన్న కళ్లు తుడుచుకుని, "హత్యలున్నది తెమ్మను" అన్నాడు.

కార్డుల పెట్టె ఖాళీ అయింది. మా పెద్ద లైబ్రేరియన్ గారు నన్ను మెచ్చుకున్నారు కూడా. నేను వివరాల్లోకి వెళ్లలేదు. అప్పటినుంచి సెలవు పూట పల్లెకి వెళ్లి, వలల మధ్య పీట వేసుకుని కొత్త నవల చదవడం మొదలుపెట్టాను. చేప పులుసు వాళ్లే పెట్టేవారు. ఆ పూటలంత సంతోషంగా నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు, ఒప్పుకుంటాను.

ఒక వారం సరిగ్గా హీరోయిను తలుపు తీసేచోట ఆపాను. పుస్తకం నా సంచిలో ఉంది. టెక్కలి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒక్క పేజీ చూద్దామనుకున్నాను. ఇల్లు చేరేసరికి నవల అయిపోయింది.

మళ్లీ వెళ్లినప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చుని పుస్తకం తెరిచాను. నూకమ్మ నా మొహంలోకి తేరిపార చూసింది.

"సదివీసినావు గదే?"

"లేదండీ..."

"మొగం మీద రాసున్నాది. మావా, సదివీసినాదిది!"

పంచాయతీ అక్కడికక్కడే జరిగింది. ఇప్పుడు జిల్లాలో కార్డున్న ఎవరైనా ఎక్కడికైనా పుస్తకం పట్టుకెళ్లొచ్చు. ఆ షెల్టరు గదిలోనుంచి పుస్తకం ఇవ్వనిది మాత్రం ఒకే ఒక్క మనిషికి. ఆ కార్డులన్నీ పంచిపెట్టిన నాకు.

అందుచేత, అరసవల్లి సూర్యనారాయణస్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక జన్మలో ఏ నవల ముగింపూ నలుగురికంటే ముందు చదవను. చదివినా, చదవనట్టు మొహం పెట్టడం వచ్చేదాకా నూకమ్మ ఎదట పడను.