నాలుగు ఎర్ర గాజులు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడకు మాత్రం ఆనుకోవద్దు, మేకుకు గాజుల తాళ్లు వేలాడుతున్నాయి. ఆ తాళ్ల సంగతే మీకు చెప్పబోతున్నాను.

నేను పుట్టింది జఫర్‌గఢ్‌లో, మెట్టింది బయ్యారంలో, ఇప్పుడు ఉంటున్నది రేగొండలో బిడ్డ ఇంట్లో. చదివింది మూడో తరగతి. నలభై ఏళ్లు గాజులమ్మాను. గాజులు గుచ్చిన తాళ్ల కట్టను మలారం అంటారు. దాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగేదాన్ని. గాజుల కొలతలో ఎవరిది రెండు నాలుగు చెయ్యో, ఎవరిది రెండు ఎనిమిదో నాకు రాసుకునే పని పడలేదు. ఒకసారి చెయ్యి పట్టుకున్నానంటే ఆ ఇల్లు, ఆ గడప, ఆమె ఆ రోజు చెప్పుకున్న కష్టం, అన్నీ నాలో ఉండిపోయేవి.

నా మనవరాలికి ఏడేళ్లు. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. దానిదేమో ఓ నెగటివ్, తొందరగా దొరకని రకం. మామూలుగా అది గయ్యాళి. పలక కోసం, జడ కోసం, చారులో ఉప్పు కోసం అందరితో తగువే. పోట్లాట మానేసిందంటే రక్తం తగ్గిందని మాకు గుర్తు.

బిడ్డ ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. లోకంలోని వాళ్లంతా అందులో రెండేసి ముక్కలు రాసుకుంటారు. "భూపాలపల్లిలో ఓ నెగటివ్ రక్తం కావాలి" అని రాస్తే గంటలో ఎవరో ఒకరు పలికేవారు. తర్వాత తర్వాత వేరే పిల్లల తల్లులు కూడా నా బిడ్డనే అడగసాగారు. అన్ని రకాల రక్తం ఇచ్చేవాళ్లూ దానికి పరిచయమయ్యారు. ఎవరు కొత్తగా పలికినా వాళ్ల పేరు, రక్తం రకం బిడ్డ పైకి చదివేది. నేను మనవరాలికి తల దువ్వుతూ "ఏ ఊరు? ఎవరింటి పక్క?" అని అడిగేదాన్ని. చాలావరకు నేను గాజులు తొడిగిన ఊళ్లే. వాళ్ల వివరాలన్నీ ఆ యాప్‌లోనే ఉండేవి. ఇంకెక్కడా రాసి పెట్టుకోలేదు. మా తప్పు అదే.

అల్లుడు బొగ్గుబావిలో పని చేస్తాడు. ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు.

"గా యాప్‌ను ఎవరో పెద్ద ఆసామి కొన్నడంట అత్తా. లెక్కలేనన్ని పైసలున్నోడంట. వచ్చుడు వచ్చుడే మస్తు మందిని నౌకరీలకెల్లి తీసేసిండంట."

"మరి ఏ సరుకు యాడున్నదో గాయనకు ఎవరు చెప్తరు?" అన్నాను.

అల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జనగామలో నేను గాజులు తెచ్చుకునే టోకు దుకాణం కూడా ఒకసారి చేతులు మారింది. కొన్నాయన ముందుగా పాత గుమస్తాను పంపేశాడు. ఆ గుమస్తా కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా రెండు ఆరు పచ్చ గాజుల పెట్టే తగిలేది. ఆ తర్వాత ఆరు నెలలు అక్కడ మేము అడిగింది ఒకటి, వాళ్లు ఇచ్చింది ఒకటి. కొన్నాయన చెడ్డవాడు కాదు. దుకాణమంటే అరలే అనుకున్నాడు.

యాప్‌లోనూ అట్లాగే అయింది. డబ్బు కట్టినవాళ్ల మాట పైకి, మా మాట అడుక్కి పోయింది. ఎవడో రక్తనిధి వాడినని చెప్పి, ముందు పైసలు పంపమన్నాడు. పేరు పక్కన డబ్బు కట్టి కొనుక్కున్న టిక్కు గుర్తు ఉంది కాబట్టి వాడే నిజమైనవాడిలా కనిపించాడు. అయినా బిడ్డ విడవలేదు, రోజూ రాసింది. ఒక పొద్దున చూస్తే అకౌంట్‌కు తాళం పడింది.

"నేను మనిషిని కాదేమోనని అనుమానమంట అవ్వా. మనిషినే అని ఎట్ల రుజువు చెయ్యాలె?" అంది బిడ్డ. మా వైపు అమ్మను అవ్వా అంటాం.

ఫిర్యాదు పెట్టింది. మళ్లీ పెట్టింది. ప్రతిసారీ అదే జవాబు, అవే అక్షరాలు. అవతల చదివే మనిషే లేడని మాకు అర్థమైంది. రక్తం ఎక్కించాల్సిన రోజుకు ఇంకా ఐదు రోజులే ఉంది. మనవరాలు అప్పటికే చారు గురించి తగువు పడడం మానేసింది.

"అందరి పేర్లు గండ్లనే ఉన్నయి అవ్వా. ఒక్కటి సుత రాసుకోలె," అని బిడ్డ ఫోన్‌ను మంచం మీద పడేసింది.

"నోట్‌బుక్ తే. నేను చెప్త, రాసుకో."

"ఏందీ, గంతమందీ నీకు యాదికున్నరా?"

"చేతులు యాదికున్నంక మనుషులు ఎటు పోతరు? జఫర్‌గఢ్ కెల్లి షురూ చేద్దాం."

బస్సు ఏ ఊరి తర్వాత ఏ ఊళ్లో ఆగుతుందో ఆ వరుసలోనే చెప్పుకుంటూ పోయాను. పొయ్యి మీద అన్నం మాడింది, పట్టించుకోలేదు. ఫోన్ నంబర్లు మాత్రం నాకు రావు. అంకెలకు గడపలుండవు కదా. బిడ్డ రాస్తుంటే నేను అమ్ముడుపోక మిగిలిన గాజులు తీసి ఒక తాడుకు గుచ్చాను. మనిషికో గాజు, రక్తానికో రంగు. ఓ నెగటివ్‌కు ఎరుపు. చివరికి లెక్క చూస్తే ఎర్ర గాజులు నాలుగే.

ఒకటి రేగొండ సారు. పోయినసారి మా పిల్లకు ఇచ్చింది ఆయనే. ఒకసారి ఇచ్చాక మూడు నెలలు ఆగాలి. రెండోది పక్క వీధి దర్జీ. ఆయనకు కామెర్లు. ఇక రెండు మిగిలాయి.

మర్నాడు ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదాయె. మూడో గాజు జఫర్‌గఢ్ వెల్డింగ్ ఆయన. నన్ను చూసి నిప్పురవ్వలు ఆపాడు.

"జనగామల ఒక బాలెంతకు ఇచ్చి ఇరవై దినాలే అయింది అవ్వా. మోటర్ ఏస్తె నిండెతందుకు నా ఒళ్లేమన్న వాటర్ ట్యాంకా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు దించుకున్నాడు. చాయ్ తాగించి, తన నంబర్ తనే నోట్‌బుక్‌లో రాసిచ్చాడు.

మూడో రోజు బయ్యారం. మూడు బస్సులు మారాను. నాలుగో గాజు ఆయన పొలానికి పోయాడు. భార్య కల్లంలో మిరపకాయలు ఆరబోస్తోంది.

"గాజులవ్వా! ఇంక ఉన్నవా?"

"ఉన్న. నువ్వు లావైనవు. రెండు ఆరు చెయ్యి ఇప్పుడు రెండు ఎనిమిది అయింది."

పకపకా నవ్వింది. నేను వచ్చిన పని చెప్పగానే ఆ నవ్వు పోయింది.

"ఒకపారి ఫోన్‌ల చూసి ఉరికి ఇచ్చొచ్చిండు. పది దినాలు జరం. నాట్లన్నీ నేనొక్కదాన్నే ఏయించిన. ఇగ పంప."

"జరం రక్తమిచ్చినందుకు వచ్చిందో, నాట్లల్ల తడిసినందుకు వచ్చిందో డాక్టర్‌నే అడుగుదాం. నువ్వు గూడ రా, నీకు టికెట్ లేదు. నా మనవరాలిని చూడు. చూసినంక వద్దనిపిస్తె నీ మొగన్ని తోల్కపో. నేనేమనను."

ఆమె మళ్లీ కాయల మీదికి వంగింది. నేను కదల్లేదు. చీర కొంగు బిగించి ఆ మిరపకాయలను తిరగేయడం మొదలుపెట్టాను. ఘాటుకు ముక్కు కారుతున్నా ఆపలేదు. ఆయన వచ్చేసరికి కల్లం అంతా తిరగేశాను. సంగతి విని ఆయన భార్య వైపు చూశాడు.

"ఏమంటవే?"

"ఏమంట? కాయలన్ని తిరగేసి కూసున్నది. ఇగ ఎట్ల కాదంట?"

మర్నాడు తొలి బస్సుకే ముగ్గురం బయల్దేరాం. ఇంటికి వచ్చేసరికి మనవరాలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బయ్యారం ఆయన భార్య దాని అరచెయ్యి తిప్పి చూసింది. సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఆ చెయ్యి వదలకుండానే భర్తతో, "ఇంక నిలబడ్డవేంది? నడువు దవాఖానకు," అంది.

డాక్టర్‌ను గట్టిగానే నిలదీసింది. జ్వరానికీ రక్తమివ్వడానికీ సంబంధం లేదని ఆయన రెండుసార్లు చెప్పాక గానీ కుదుటపడలేదు. అంతటితో ఊరుకోక, "నాది సుత చూడుండ్రి," అని వేలు చాపింది. ఆమెది బి పాజిటివ్. తాడుకు ఒక పచ్చ గాజు పెరిగింది.

చెప్పిన రోజుకే పిల్లకు రక్తం ఎక్కింది. బయ్యారం ఆయనకు జ్వరం రాలేదు. ఆమె ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇప్పుడు మేకుకు రెండు తాళ్లున్నాయి. రక్తమిచ్చినవాళ్ల గాజు రెండో తాడుకు మారుతుంది, గడువు తీరాక మళ్లీ మొదటి తాడుకు వస్తుంది. వారానికో ఊరు పోయి నంబర్లు రాయించుకొస్తున్నాను. జఫర్‌గఢ్ వైపు అయిపోయింది, బయ్యారం వైపు సగం మిగిలింది. మోకాళ్లు నొస్తాయి. అయినా పోతాను. బిడ్డ ప్రతి సోమవారం ఆ కంపెనీకి ఫిర్యాదు పంపుతూనే ఉంది. ఎవరు చదివినా చదవకున్నా పంపుతానంటుంది. తాళం తీసినా సరే, నోట్‌బుక్ మూసేది లేదంటుంది.

మొన్న మనవరాలు ఎర్ర గాజులు తనకు తొడగమని పేచీ పెట్టింది. కాళ్లు నేలకేసి కొట్టింది, నా జడ పీకింది. నా కడుపు నిండిపోయింది.

"ఇయ్యను. అవి మనుషులు," అన్నాను.

"మరి గా పైసలున్నాయన వచ్చి గీ తాళ్లు కొంట అంటెనో?"

"రానీ. ముందు చెయ్యి చాపమంట. ఏ సైజో చూస్త."

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ ఇంటి పిల్లలు పొద్దస్తమానం కొట్లాడుకుంటూ ఎర్రగా, గట్టిగా పెరగాలి. మీ ఇంటి చేతులు గాజులతో, పనితో నిండుగా ఉండాలి. మీరు ఆపదలో పిలిస్తే పలికే గడపలు మూడు జిల్లాల పొడుగునా ఉండాలి.