భాగీరథి సోమవారాలు

తమ్ముడు బతికితే అక్క పస్తుండాలని మొక్కుకున్నారు. అక్కకు అప్పటికి పాలపళ్లు కూడా పూర్తిగా ఊడలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

సిరిసిల్ల దిక్కు ఒక ఊళ్లో, జబ్బుతో కన్ను తెరవని కొడుకును ఒళ్లో పెట్టుకుని వెంకటవ్వ వేములవాడ రాజన్నకు దండం పెట్టింది. "నా కొడుకును నిలబెట్టు సామీ, నా బిడ్డ బతికినన్నొద్దులు నీ సోమారం ఒక్కపొద్దుంటది." కొడుకు రాజమౌళి నిలబడ్డాడు. ఆ సోమవారం నుంచి కూతురు భాగీరథికి పొద్దంతా ఏమీ లేదు, దీపం పెట్టాక ఒక్క పూటే తిండి. బతికింది కొడుకైతే ఉపాసం బిడ్డకెందుకని ఇంట్లో ఎవరికీ తోచలేదు. మగపిల్లగాడు ఆకలికి ఆగడు, అంతే.

ఒక సోమవారం దోస్తు ఇంట్లో జామకాయ కొరికింది. మర్నాడు తమ్ముడికి ఒళ్లు వెచ్చబడింది. తన వల్లనే అనుకుంది. కాదని చెప్పడానికి ఎవరికైనా తెలిస్తే కదా. ఆ తర్వాత భాగీరథి సోమవారం జామచెట్టు దిక్కు చూడలేదు.

అంబదాస్‌ను పెళ్లి చేసుకుని సూరత్ వచ్చినా సోమవారం వెంటే వచ్చింది. వడోద్‌లో ఒక్క గది. అతను పాండేసరలో సాంచెల మీద బట్ట నేస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. కూతురు నవత కడుపులో ఉన్నప్పుడు ఒకసారి కళ్లు తిరిగి చీరల మూట మీద పడింది. అప్పుడూ ఒక్కపొద్దు విడవలేదు. ఊళ్లో తమ్ముడు ఆ రోజు మూడు పూటలూ తినే ఉంటాడు.

2021 వేసవిలో కరోనా రెండోసారి ఊపేసినప్పుడు అంబదాస్‌కు ఊపిరాడలేదు. దవాఖానలో మంచం దొరికింది గానీ లోపలికి ఇంటివాళ్లను రానీయలేదు. భాగీరథి గదిలో రాజన్న పటం ముందు కూలబడింది. మొక్కుకోవాలి. ఏం ఇస్తానని మొక్కాలి? తన సోమవారాలు తమ్ముడి పేరున ఎప్పుడో పోయాయి. ఇయ్యడానికి తన దగ్గర తనదంటూ ఏ సోమవారమూ మిగల్లేదు. పక్కనే పదమూడేళ్ల నవత కూర్చుని ఉంది.

"ఆయన ఇల్లు జేరితే నా బిడ్డ నీ సోమారం ఒక్కపొద్దుంటది సామీ."

తల్లి నుంచి నేర్చుకున్న మాటే. తల్లి నుంచి నేర్చుకున్న తప్పే.

అంబదాస్ చిక్కి సగమై ఇల్లు చేరాడు. మొదటి సోమవారం నవత సంతోషంగానే పస్తు ఉంది. రెండో సోమవారం పొద్దున ఫోన్‌లో క్లాసు వింటూ అడిగింది.

"మమ్మీ, ఇంకెన్ని మండేలు?"

"ఎన్నేంది బిడ్డా? పెండ్లయినా, పిల్లలైనా ఉండుడే."

"అరే! లైఫ్‌టైమ్ రీచార్జ్ చేసినవా? నన్ను పూఛ్‌నా నహీ? ఒక్కమాట అడగవా?"

"జర మెల్లగ. మీ పప్పా వింటడు."

అంబదాస్ విన్నాడు. చాప మీద నుంచే అన్నాడు. "వారానికి ఒక్కరోజే గద, ఉండనియ్. నాకోసమే గద."

తప్పు పట్టడం తేలిక. చావు ముఖం చూసి వచ్చిన మనిషి అతను. కూతురు ఒక పూట మానేస్తే తన ఊపిరి నిలబడుతుందంటే వద్దనే ధైర్యం చాలలేదు. నవత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక ఒక సోమవారం పక్కింటి పిల్ల శనగపిండి ఖమణ్ పొట్లం విప్పింది. నవత రెండు ముక్కలు నోట్లో వేసుకుని ఇంటికొచ్చింది. అప్పుడే అంబదాస్ మెట్లెక్కి వస్తూ దగ్గడం మొదలుపెట్టాడు. తలుపు పట్టుకుని ఒకటే దగ్గు. నవత నీళ్లు పోయే మోరీ దగ్గరికి ఉరికి, గొంతులో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కింది.

"ఏమైందే?" భాగీరథి వీపు నిమిరింది.

"నేను తిన్న మమ్మీ. ఖమణ్ తిన్న. పప్పా మర్ జాయేంగే, సచ్చిపోతడు. నాతోనే అయింది."

భాగీరథి చెయ్యి ఆగిపోయింది. ఆమెకు జామకాయ గుర్తొచ్చింది.

అంబదాస్ గుమ్మంలోనే తల దించుకున్నాడు. "పిచ్చిదానా, నీతోని కాదు. కింద బీడీ తాగిన."

భాగీరథి లేచింది. "బీడీనా! పొల్లను ఉపాసం పండబెట్టి నువ్వు బీడీలు తాగుతున్నవా? నీ పాణం కోసం దానికి మొక్కు, నీకు పొగనా?"

"ఒక్కటేనే..."

"ఒక్కటైనా ఏందయ్యా? నీ ఊపిరి నువ్వు కాసుకోవా?"

నవతకు అన్నం పెట్టింది. ఆ పిల్ల వద్దంటే పక్కన కూర్చుని తినిపించింది. తండ్రి ఎదురుగా కూర్చుని, ఆమె తినడం అయ్యేదాకా దగ్గకుండా చూసుకున్నాడు. తర్వాత భాగీరథి ఊరికి ఫోన్ చేసింది.

"తమ్మీ, గిన్నేండ్లు నీ పేరున ఉన్న. ఇగ నీ ఒక్కపొద్దు నువ్వే ఉండు."

"గిదేంది అక్కా, గిప్పుడు? నాకు గ్యాస్. తినకపోతె తల తిరుగుతది."

"నవత కడుపుల ఉన్నప్పుడు నాకు తిరగలేదారా?"

వెంకటవ్వ ఫోన్ గుంజుకుంది. "మొక్కు మార్చొద్దు బిడ్డా. రాజన్న కోపమైతడు."

"రాజన్నతోని నేను మాట్లాడుకుంట. నీ కొడుకుతోని నువ్వు మాట్లాడు."

మాట్లాడుకుంది కూడా. పటం ముందు నిలబడి, మొగుడూ బిడ్డా ఇద్దరూ వింటుండగా చెప్పింది. "సామీ, తమ్ముని మొక్కు తమ్మునికి అప్పజెప్పిన. నా సోమారం నాకొచ్చింది. మా ఆయన పేరున నేనే ఉంట. పొల్లను ఇడిసిపెట్టు."

బయటివాళ్లకు ఏ మార్పూ కనపడదు. భాగీరథి ఇప్పటికీ సోమవారం ఒక్కపొద్దే. కాకపోతే మొదటిసారి తనంతట తానుగా ఉంటోంది, కళ్లు తిరిగితే మజ్జిగ తాగుతోంది. రాజమౌళి ఒక్కపొద్దు ఉంటున్నాడో లేదో ఆమె అడగలేదు, అతను మాత్రం గట్టిగానే ఉన్నాడు. నవత బతుకమ్మ ఆడుతుంది, మార్కండేయుడి గుడికి వెళ్తుంది, దేవుడి మీద తల్లిని సతాయించే ప్రశ్నలూ వేస్తుంది. సోమవారం మాత్రం ఇప్పటికీ తినేముందు ఒకసారి తండ్రి దిక్కు చూస్తుంది. ఆ చూపు పోవడానికి ఇంకా కాలం పడుతుంది.

పిల్లలకు మన దేవుణ్ణి చూపించండి, పాటలు నేర్పండి, పండగ చేయండి, ఎవరూ వద్దనరు. కానీ మన భయానికి వాళ్లను జామీను పెట్టే హక్కు మనకు లేదు. మీ ఇంట్లోనూ ఒక పిల్ల పేరున ఏదో మొక్కు ఉండే ఉంటుంది. ఉపాసమో, నడకో, తలనీలాలో. ఈ వారమే ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మొక్కు సంగతి చెప్పండి, తీరుస్తావా అని అడగండి. వద్దంటే మీ పేరున మార్చుకోండి. అంతకన్నా ముందు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా అది నీ వల్ల కాదని ఆ పిల్లకు మీ నోటితో చెప్పండి. భాగీరథికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.