బొంతలా కుట్టిన గ్రీకు కవచం

మా కింది వాటా టీచరు గారు పోయారు. కంపెనీ గోదాములో సరుకు దింపిస్తుంటే నా భార్య ఫోన్ చేసి చెప్పింది. స్కూల్లో రెండు పీరియడ్ల మధ్య, స్టాఫ్ రూములో, కూర్చున్న కుర్చీలోనే తల వాల్చేశారట. నేను "సరే" అన్నాను. మరణం మీద గంటలకు గంటలు ప్రసంగించిన నోటికి ఆ ఒక్క మాటే దొరికింది. ఆ ఉదయమే మెట్ల దగ్గర ఎదురై, "గాలిలో తడి పెరిగిందండీ. సాయంత్రం రెక్క ఎలా ఉందో చూద్దాం" అన్నారావిడ. ఏ రెక్కో చెబుతాను. అది చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒకే విల్లాని వాటాలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు మాది. కింద ఆవిడ, పైన మేము. ఆవిడది రాజమండ్రి, ఇక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేవారు. వాళ్ళాయన, మేమంతా సార్ అంటాం, దుఖాన్ ఆయిల్‌ఫీల్డులో ఇంజనీరు. గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోయేవారు. నేను స్టోర్‌కీపర్ని. శుక్రవారం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో వాక్యం చెబుతాను. నాకు ఏ వేదాంత కళాశాల పట్టా లేదు. లేఖనం చదివాను, మోకాళ్ళ మీద చదివాను, చదివింది నిప్పులా చెప్పాను. టీచరు గారు హిందువు. దేవుడి గూట్లో దీపం పెట్టకుండా స్కూలుకు వెళ్ళేవారు కాదు.

మా స్నేహం ఒక ప్లాస్టిక్ ఛాతీతో మొదలైంది. విశ్వాసి తొడుక్కోవాల్సిన సర్వాంగ కవచం మీద ఆ వారం నా ప్రసంగం. ఒక్కో భాగం తొడుక్కుంటూ చెబితే లేబర్ క్యాంపుల నుంచి వచ్చే కుర్రాళ్ళకు గుండెల్లో దిగుతుందని, సినిమాలో గ్రీకు వీరుడిలా వేషం కొన్నాను. కండలు తిరిగిన ఛాతీ, ముంజేతులకు తోలు పట్టీలు, భుజాన ఎర్ర గుడ్డ. అవన్నీ వేసుకుని మెట్లు దిగుతుంటే, చేతిలో తోటకూర కట్టతో ఆవిడ ఆగిపోయారు.

"ఏవండీ పాస్టరు గారూ, ఆ బొడ్డు ఎవరిది?"

"నేను పాస్టర్ని కాదమ్మా" అన్నాను, సిగ్గుతో ఏమనాలో తెలియక.

"బొడ్డు తప్పు కాదులెండి. కంచు కవచానికి నిజంగానే కండలు, బొడ్డు తీర్చి కొట్టేవారు. ఆ తోలు పట్టీలే ఎక్కడివో. అది సినిమా వాళ్ళ పురాణం. అయినా మీ అపొస్తలుడు రోజూ చూసింది రోమా సిపాయిని కదా, గ్రీకు వీరుణ్ణి పట్టుకొచ్చారేంటి?"

నాకు మండింది. వాక్యం తెలియని మనిషి నాకు వాక్యం చెప్పడమా! ఆ సాయంత్రమే లేఖనం పట్టుకుని కిందికి దిగాను. సముద్రం దాటి వచ్చిన జాతిలో పుట్టిన ఆ ఆజానుబాహుడు, గొర్రెల కాపరి వడిసెల రాయికి కూలినవాడు, ఏమేం తొడుక్కున్నాడో చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. "కాళ్ళకు కూడా లోహపు తొడుగుందే! ఇది ఆ సముద్రం వైపు అలవాటు. పొలుసుల కవచం మాత్రం తూర్పుది. భలే ఉందండీ, మళ్ళీ చదవండి." నేను కొట్లాటకు వెళ్ళాను, ఆవిడ టీ పెట్టారు.

అప్పటి నుంచి గురువారం సాయంత్రాలు మా రెండు కుటుంబాలూ వాళ్ళ హాల్లోనే. పాతకాలపు యుద్ధం సినిమా ఏది పెట్టినా రిమోటు ఆవిడ చేతిలోనే. సార్ విసుక్కునేవారు: "ఈవిడతో సినిమా అంటే సి-రింగ్ రోడ్డు మీద బండి నడపడమేనండీ. కదలడం తక్కువ, ఆగడం ఎక్కువ." ఆవిడ ఆపి, తెర దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించేవారు. ఛాతీ విప్పుకుని ఈటెల మీదికి పరిగెత్తే పిచ్చివాడు ఎవడుంటాడండీ? అందరికీ ఒకే రకం కవచమా? ఎవడిది వాడు కొనుక్కునే రోజులవి, వరసలో సగం మందివి తాతల నాటివై ఉంటాయి. కంచు అంత నల్లగా ఉంటుందా? తోమితే మీ కళ్ళు చెదురుతాయి. ఇక హీరో మధ్యలో శిరస్త్రాణం తీసి విసిరేస్తే చాలు, ఆవిడ చెయ్యి నుదుటి మీదికి పోయేది.

"మొహం కనపడకపోతే టికెట్ తెగదు కదే" అనేవారు సార్.

"తెగకపోతే పోనీండి. తల తెగుతుంది కదా!"

ఒకసారి అట్ట, గుడ్డ, సిల్వర్ కాగితం కలిపి ఆ శిరస్త్రాణం ఒకటి చేశారు. చెవులు మూసేసి, కళ్ళకు రెండు కన్నాలు, ముక్కు మీదికి ఒక నిలువు బద్ద. నా తలకు పెట్టి, "ఇప్పుడు ప్రసంగించండి" అన్నారు. లేచి గొంతెత్తాను. నా గొంతు నాకే గుమ్మటంలోలా మోగింది. ఎదురుగా నా భార్య ఏదో అంటోంది, వినపడదు. తీసేశాక చూస్తే అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. టీచరు గారు మాత్రం మెల్లగా అన్నారు: "ఇది పెట్టుకున్నవాడు అరవగలడండీ. వినలేడు." ఆ మాట నా మీద అన్నారా, గ్రీకుల మీద అన్నారా? ఇవాళ్టికీ తేల్చుకోలేదు.

డాలు గురించి చెప్పింది మాత్రం తిన్నగా నా వేదిక మీదికే ఎక్కింది. ఆ గుండ్రటి డాలు మధ్యలో మోచేయి దూరుతుంది, అంచున పిడికిలి పట్టు. అలా పట్టుకుంటే సగం డాలు ఎడమవైపు మనిషి మీదికి పోతుంది. "సగం మీది, సగం పక్కవాడిది. వరస వదిలి ముందుకు దూకినవాణ్ణి సినిమా హీరో అంటుంది. వాడు పక్కవాడి సగం ఎత్తుకుపోయినవాడండీ!" విశ్వాసమనే డాలు గురించి ఎన్నేళ్ళుగా చెబుతున్నాను! ఒంటరి వీరుడి డాలుగానే చెప్పాను. తర్వాతి శుక్రవారం ఈ మాట చెబితే క్యాంపు కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే గదిలో పడుకుని, ఒకరికి జ్వరమొస్తే ఒకరు కాచుకునేవాళ్ళు కదా, ఇంకేం విప్పి చెప్పక్కర్లేకపోయింది.

ఇక రెక్క సంగతి. గ్రీకులకు కంచు ఒక్కటే కాదు, బట్టతో చేసిన కవచమూ ఉండేదట. మొండేనికి చుట్టి పక్కన ముడేస్తారు. వీపు నుంచి భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలను రొమ్ము మీద కడతారు. పాత కుండల మీది బొమ్మల్లో, ముడి వెయ్యకముందు ఆ పట్టీలు రెక్కల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. బట్ట అలా ఎలా నిలబడింది? జిగురుతో అంటించారా, కుట్టారా, అలా నేశారా? నేను అడిగాను. ఆవిడ సంతోషంగా, ఏదో బహుమతి ఇస్తున్నట్టు అన్నారు: "తెలియదండీ."

"తెలియదంటే ఎలా? ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా!"

"బట్ట చివికిపోయింది, ఇదిగో ఇదే అని చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. సినిమా వాళ్ళకు అన్నీ తెలుసు. చదివినవాళ్ళు కొట్టుకుంటున్నారు. మనం చేసి చూద్దాం రండి."

పాత దుప్పట్లు చింపి, పొర మీద పొర మైదా గంజితో అంటించి డాబా మీద ఆరేశాం. దోహా ఎండకు బల్లలా బిగిసింది. రెక్కలు నిలబడ్డాయి. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. శుక్రవారం అది తొడుక్కునే వాక్యానికి లేచాను. సముద్రం నుంచి తడిగాలి కొట్టే రోజులు, హాల్లో ఏసీ పని చెయ్యలేదు. నీతి అనే కవచం దగ్గరికి వచ్చేసరికి రెండు రెక్కలూ మేక చెవుల్లా వాలిపోయాయి. జనం గొల్లున నవ్వారు. వెనక వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. బయటికొచ్చి, "అయితే మైదా గంజి కాదన్నమాట. ఒకటి తెలిసింది" అన్నారు.

తర్వాత బొంత పద్ధతి. "మా అమ్మమ్మ పాత చీరలు పేర్చి బొంత కుట్టేది. అంత దగ్గరగా కుడితే అట్టలా నిలబడేది. చూద్దాం." ఇద్దరాడవాళ్ళూ సాయంత్రాలు కూర్చుని కుట్టారు. కుడి భుజం రెక్క అయిపోయింది. ఎడమది సగంలో ఉంది. తడిగాలికి కుడిది నిలుస్తుందో లేదో చూడాలని, దాన్ని ముడేసి డాబా మీదే ఉంచారావిడ.

ఆవిణ్ణి నేను పిలవలేదా? పిలిచాను. నా ప్రభువును నమ్ముకోమని సూటిగానే అడిగాను. కుడుతున్న సూది ఆపి అన్నారు: "మీరు చెప్పేది ఎప్పుడూ వింటాను. మనసుకు ఒప్పుదలైతే ఒప్పుకున్నానని చెబుతాను. మిమ్మల్ని సంతోషపెట్టడానికి మాత్రం చెప్పనండీ. అది మీకే అవమానం." మళ్ళీ సూది కదిలింది. ఆ సంభాషణ అక్కడే ఉంది, ముగియలేదు.

సార్ ఆవిడ దేహాన్ని రాజమండ్రి తీసుకెళ్ళి, కార్యక్రమాలు ముగించి తిరిగొచ్చారు. శుక్రవారం సాయంత్రం విల్లా వాకిట్లో స్కూలు వాళ్ళు, ఇరుగుపొరుగు, మా సహవాసం వాళ్ళు కలుద్దామనుకున్నారు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ కబురు తెలిసి మా సంఘపెద్ద నజ్మా పేట నుంచి వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ప్రార్థనలో పట్టున్నవాడు.

"అన్నా, మంచి మోఖా దొరికింది. స్కూలోళ్ళంత వస్తరు. ఉన్నదున్నట్టు చెప్పు. నమ్ముకోకుండనే పోయింది, ఎటు పోయిందో చెప్తె పదిమందన్న మారుతరు."

"మన కవచం కుట్టిన చెయ్యి తమ్ముడూ."

"కుట్టుతోని పరలోకం దొరుకుతదా? క్రియలతోని కాదని నువ్వే గదా చెప్పినవ్!"

నేనే చెప్పాను. డాబా మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. లేఖనం తెరిచాను, మూశాను. మంట గురించిన వాక్యాలు నోటికి వచ్చినవే, వెతకక్కర్లేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం సార్ పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరు ఎక్కడికి వెళతారో మీరు వారం వారం చెబుతారట కదా. మా ఆవిడ వచ్చి నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు నేను అడుగుతున్నాను. తనెక్కడికి వెళ్ళింది? ఓదార్చడానికి చెప్పొద్దు. తనకది నచ్చదు."

వాకిట్లో లేచి నిలబడినప్పుడు నా చేతిలో లేఖనం ఉంది. మొదటి వరసలో సార్, వెనక చేతులు కట్టుకుని సంఘపెద్ద. డాలు సంగతి చెప్పాను, శిరస్త్రాణం సంగతి చెప్పాను, మేక చెవుల సంగతికి అందరూ నవ్వారు, సార్ కూడా. ఆ తర్వాత అన్నాను: "టీచరు గారు ఎక్కడికి వెళ్ళారని సార్ నన్నడిగారు. నాకు తెలియదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా అని మా విశ్వాసుల మూలపితరుడు దేవుడి ముందే నిలబడి అడిగాడు. లేఖనంలో అది ప్రశ్నగానే ఉంది. నేనూ దాన్ని ప్రశ్నగానే పట్టుకుని నిలబడ్డాను. తెలియనిది తెలుసని చెబితే ఆవిడ రిమోటు నొక్కి నన్ను ఆపేస్తారు." అంతే చెప్పి కూర్చున్నాను. ఆమేన్ అనేవాళ్ళు లేరు. వెళుతూ సంఘపెద్ద నా భుజం తట్టి, "ఇయ్యాల నిప్పు లేదన్నా" అన్నాడు. ఉంది తమ్ముడూ, లోపలికి తిరిగింది, అనుకుంటూ కుర్చీలు ఎత్తిపెట్టాను.

అందరూ వెళ్ళాక సార్‌తో డాబా ఎక్కాను. గాలిలో చొక్కా ఒంటికి అంటుకునేంత తడి. బట్టలారేసే గది పక్కన, పాత కుర్చీ వీపుకు తొడిగి ఉంది కవచం. ఎడమ రెక్క మెత్తగా వేలాడుతోంది, సూది ఇంకా దారంతో అందులోనే గుచ్చి ఉంది. రొమ్ము దగ్గర కుడివైపు ముడి ఆవిడ వేసిందే. సార్ గోళ్ళతో దాన్ని విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి వీడగానే ఆ రెక్క మెల్లగా లేచింది. లేచి, నిటారుగా నిలబడింది, తరగతిలో ప్రశ్న అడగడానికి ఎత్తిన చెయ్యిలా. సార్ దాన్ని మళ్ళీ కట్టలేదు. నేనూ కట్టలేదు.