మా పెరటి స్టేషన్లో శెట్టి

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్‌లో పాము ఆట తప్ప వేరే వినోదం లేని రోజుల్లో, వేంపల్లెకు రైలు లేదు, మా చిన్నాన్న పెరట్లో తప్ప. బట్టల కొట్టు మూసి ఇంటికొస్తే ఆయనకదే లోకం: మునగచెట్టు చుట్టూ పట్టాలు, వాటి మీద మోచేతంత బ్యాటరీ రైలు. (ఎండాకాలంలో ప్లాస్టిక్ పట్టాలు మెత్తబడి వంకర పోయేవి. ఊరితో పాటు రైలు కూడా మధ్యాహ్నం పడుకునేది.) డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటున్న కాలంలో, ఆ లైనుకు స్టేషన్ కట్టే పని నేను నెత్తికెత్తుకున్నాను.

ఆషామాషీగా కాదు. ఇంజను తలుపు కొలిచి, దాన్నుంచి మనిషి ఎత్తు తేల్చాను: బొటనవేలి కణుపంత. మిగతాదంతా ఆ మనిషి లెక్కకే. నాపరాతి ముక్కలు అరగదీసి ప్లాట్‌ఫారం, అగ్గిపుల్లలతో బెంచీలు, గొడుగు కమ్మీతో సిగ్నల్, రీఫిల్ ముక్కలకు ఎర్రరంగు పూసి మంటలార్పే బకెట్లు. దసరాకు మా ఇంటికి రానున్న చిన్నాన్న స్నేహితుడు నిజమైన స్టేషన్ మాస్టరు. ఆయన నోట "ఇది స్టేషనే" అనిపించుకోవాలి. అప్పటికి నా జీవితాశయం అంతే.

ఆయన వచ్చే ముందురోజు, నేను చిన్నాన్న కొట్లో ఉండగా, పిన్ని బొమ్మల కొలువును పెరట్లోకి దించేసింది. స్టేషనూ రైలూ సిద్ధంగా ఉంటే మళ్ళీ మెట్లు కట్టడమెందుకని. నేనొచ్చేసరికి నా ప్లాట్‌ఫారం మీద పప్పు, బెల్లం కుప్పలు పోసుకుని శెట్టి బొమ్మ కూర్చుని ఉంది. స్టేషన్ కప్పు ఆయన బొడ్డు దాకా వచ్చింది. ఒళ్ళు మండింది. నాపరాయితో పాటు నా వేళ్ళు అరగదీసుకున్నది ఈయన అంగడి పెట్టుకోడానికా?

"పిన్నీ, ఈయప్ప యాడికన్నా పోవల్లంటే రైలు నెత్తిన కూర్చోవాల. తీసేయ్."

"కూర్చోనీ. శెట్టి లేని కొలువు ఎవరింట్లోనన్నా చూసినావా?"

"స్కేలు ప్రకారం రెండంతస్తుల మేడంత ఉండాడు."

"వ్యాపారం బాగుండాది, ఎదిగినాడు. నీకేమప్పా కడుపుమంట? కొలువు తీర్చినాక దసరా అయ్యేదాకా బొమ్మను కదిలించగూడదు."

చిన్నాన్న వైపు చూశాను. ఆయన పట్టాలు తుడుస్తున్నాడు. (పిన్ని మాట్లాడేటప్పుడు ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉంటాడు.) నిరసనగా భోజనం మానేద్దామనుకున్నాను గానీ, ఆరోజు ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేశారు.

మర్నాడు స్టేషన్ మాస్టరు వంగి సిగ్నల్ చూశాడు, బకెట్లు చూశాడు, బెంచీలు చూశాడు. శెట్టికి అడ్డంగా నిలబడ్డ నన్ను పక్కకు జరిపి, "ఈయన ఎవరప్పా?" అన్నాడు.

"ప్రయాణికుడు కాదు సార్, కొలువు బొమ్మ. స్కేలు లెక్కలోకి రాడు."

ఆయన నవ్వాడు. "మా స్టేషన్లో పొద్దంతా కలిపి ఒకరో ఇద్దరో రైలెక్కుతారు. ఆ ఒక్కడు వస్తాంటే నా కంటికి ఇంత పెద్దగా ఉంటాడబ్బీ. బెంచీలు, బకెట్లు యాడైనా ఉంటాయి. ఈయన్ని చూసినాకే ఇది స్టేషనే అనిపించింది."

నేను కోరిన మాటే, అక్షరం పొల్లుపోకుండా. దక్కింది మాత్రం శెట్టికి. పిన్ని స్టేషన్ మాస్టరుకు ఇంకో ఓళిగ వడ్డించింది.

ఇప్పుడా పట్టాల్ని ఎండ తినేసింది. స్టేషన్ మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది, ప్లాట్‌ఫారం మీద శెట్టితో సహా. వచ్చినవాళ్ళందరూ సైజు కుదరలేదంటారు. అవునంటాను. తీసేయొచ్చు కదా అంటారు. దసరా అయ్యేదాకా కదిలించకూడదంటాను, ఏ నెలలో అడిగినా.