రెండూ ఎలాస్టోమర్లే

ఎవరైనా నల్లటి రింగు చూపించి "రబ్బరే కదా" అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

దేశంకాని దేశంలో, జురాంగ్ ఐలాండ్‌లోని ఒక ప్లాంటులో నేను మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని. మా ఫిట్టరు శ్రీకాకుళం మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. ఒకరోజు ఆయిల్ పంపు సాయంత్రంలోగా నడవాలని పైనుంచి ఒకటే ఫోన్లు. సీలు రింగు కోసం స్టోర్సుకు వెళ్లిన ఆయన ఒక ప్యాకెట్‌తో తిరిగొచ్చాడు.

"మేడం, ఇది నీళ్ల లైను రింగు. మనది స్టాక్ లేదంట. ఇదెయ్యమంటారేటి? ఆయిల్ తగిలితే ఉబ్బిపోద్ది."

"రెండూ ఎలాస్టోమర్లే అన్నా. వేసెయ్యి, రేపు మారుద్దాం."

చదువుకున్న నోరు కదా, పెద్ద మాట వాడితే ఎదుటివాడు మారు మాట్లాడడని దానికి తెలుసు. ఆయన వేశాడు. ఆ రేపు రాలేదు. వారం తిరక్కుండా రింగు ఉబ్బి, సీలు వదిలి, పంపు చుట్టూ ఆయిల్ మడుగు కట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

సోమవారం మీటింగులో కారణం వివరించమన్నారు. స్లైడ్ వేసి మరీ చెప్పాను: ఎలాస్టోమర్ అనేది ఎలాస్టిక్, పాలిమర్ కలిపి కట్టిన పేరు, లాగితే సాగి, వదిలితే మొదటి రూపానికి వచ్చే పదార్థమని అర్థం, ఏది ఏ నూనెకు తట్టుకుంటుందో మాత్రం ఆ పేరు చెప్పదు. అందరూ తలలూపారు. మేనేజరు "ఫిట్టరు అజాగ్రత్త" అని రాసుకున్నాడు. వెయ్యమన్నది ఎవరని ఒక్కడూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఆ నెలలోనే ఆయన వర్క్ పర్మిట్ రెన్యువల్ అని నాకు తెలుసు.

రెండు రోజులు అన్నం సహించలేదు. బుధవారం మేనేజరు గదికి వెళ్లి, వెయ్యమన్నది నేనేనన్నాను.

"రిపోర్ట్ క్లోజ్డ్ లా," అన్నాడు ఇక్కడివాళ్ల యాసలో, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. వాడి పీక పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

పర్మిట్ రెన్యువల్ కాలేదు. ఆఖరి రోజు ఆయన టూల్స్ అప్పజెప్పుతుంటే దగ్గరికి వెళ్లాను.

"అన్నా, తప్పు నాదేనని మేనేజరుకు చెప్పాను. వినలేదు, వెధవ."

ఆయన స్పానర్లు సర్దడం ఆపి నా వైపు చూశాడు.

"ఎప్పుడు సెప్పినారు మేడం?"

"బుధవారం."

"మీటింగు సోమవారం కదమ్మా."