ఎవరు చెప్పారే నీకిలా?

టైలరమ్మ బడికెళ్లింది మూడంటే మూడేళ్లు. నేర్చిన అక్షరాలు ఏ గాలికి పోయాయో గానీ, బడి మాత్రం ఆవిడ ఒంట్లోంచి పోలేదు. వీధి వీధినంతా నోటితో దులిపేసే మనిషి, ఎవరైనా కళ్లద్దాలు సర్దుకుని "ఎందుకిలా కుట్టావ్?" అన్నారంటే చాలు, ఈ వయసులోనూ చేతులు వెనక్కి దాచుకుంటుంది.

మూడో తరగతిలో పంతులమ్మ ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిది కలపమంది. తక్కిన పిల్లలు చేతివేళ్లు చాలక కాలివేళ్లకి దిగారు. ఈ పిల్ల "ముప్పై, ముప్పై అరవై. రెండు తీసేస్తే యాభై ఎనిమిది" అంటూ పలక ఎత్తింది.

"ఎవరు చెప్పారే నీకిలా?"

"ఎవరూ చెప్పలేదండీ."

స్కేలు వేళ్ల కణుపుల మీద పడింది. పలక చెరిపి, పంతులమ్మ చెప్పిన పద్ధతిలో మళ్లీ వేస్తే మళ్లీ యాభై ఎనిమిదే వచ్చింది. ఈసారి మెచ్చుకుంది మహాతల్లి! తప్పుకి దెబ్బ తినడం లోకంలో ఉన్నదే. ఒప్పుకి తిన్న పిల్ల ఏం నేర్చుకుంటుంది? సొంత బుర్రని పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడం నేర్చుకుంది.

నలభై ఏళ్లూ మేనత్త నేర్పినట్టే కుట్టింది: పక్కలు ముందు కలపడం, చేతులు తర్వాత అతకడం. కోడలికీ అదే నేర్పింది. కాస్త అటూ ఇటూ అయితే నలుగురి ముందూ కుట్టు విప్పించేది. కోడలు ఓర్చి ఓర్చి మొన్న చెప్పేసింది.

"ఇంకొక్కసారి విప్పిస్తే సోమవారం నుంచి బట్టల ఫ్యాక్టరీకి పోతానత్తయ్యా. అక్కడైతే తిట్లకి జీతమైనా ఇస్తారు."

పోతే పో అనడానికి టైలరమ్మకి నోరు రాలేదు. సూదిలో దారం ఎక్కించేది ఇప్పుడా పిల్లే. తను కూర్చోలేని రోజున ఆ మిషను మీద ఇంకెవరు కూర్చుంటారు?

శనివారం కోడలు ఓ చంటిదాని గౌను కుట్టి బల్లమీద పెట్టింది. పక్కలు కలపకుండానే చేతులు అతికేసి, చేతి అంచు నుంచి గౌను అంచు దాకా ఒకే కుట్టు లాగేసింది. టైలరమ్మ చేతిలోకి బ్లేడు దానంతటదే వచ్చింది.

"ఎవరు చెప్పారే నీకిలా?"

అన్నాక గానీ ఆ గొంతు ఎవరిదో తెలియలేదు. వేళ్ల కణుపులు చుర్రుమన్నాయి.

"ఎవరూ చెప్పలేదు" అంది కోడలు, సోమవారానికని సర్దిపెట్టుకున్న సంచీ దగ్గరికి లాక్కుంటూ. "పిల్ల రేపు ఒళ్లు చేస్తే ఈ ఒక్క కుట్టు విప్పితే చాలు, చెయ్యీ పక్కా రెండూ వదులవుతాయని."

టైలరమ్మ గౌను తిరగేసింది, బోర్లేసింది, చంకలో వేలు పెట్టి లాగింది. ముడత లేదు. తప్పు వెతికి వెతికి కళ్లే అలిసిపోయాయి.

బ్లేడు డబ్బాలో పడేసి, తన కుర్చీలోంచి లేచి పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఇంకో గౌను నా ముందు కుట్టు. నెమ్మదిగా కుట్టు, నా కళ్లు నీ అంత పరిగెత్తవు."

కోడలు సంచీ కింద పెట్టి, ఆ కుర్చీలో కూర్చుంది.

"దారం మాత్రం పళ్లతో తెంపావంటే చంపేస్తాను" అంది అత్తగారు. ఆ మాత్రం అనకపోతే ఎలా మరి!