మా మేస్త్రీ చెప్పిన గుర్రాల కథ

మా గది మేస్త్రీ పోయిన బుధవారం ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఊళ్లో ఉన్న ఆయన తమ్ముడికి ఫోన్ చేసి నేనే చెప్పాను. "దుబాయిల పోయిండా?" అన్నాడు. బహ్రెయిన్‌లో అన్నాను. "అదే, దుబాయిల" అన్నాడు. పాతికేళ్లు గోడలు కట్టిన దేశం పేరు కూడా మనిషికి దక్కలేదు. సరే, నాకు దారి తప్పడం అలవాటు. అసలు సంగతికి వస్తాను.

గుదైబియా అనే పేటలో మా గదికంతా ఒకటే టీవీ. శుక్రవారం అన్నాలు కాగానే మేస్త్రీ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చునేవాడు. ఏదో అమెరికా సీరియల్. పెద్ద టోపీ పెట్టుకుని గుర్రాలూ ఆవులూ సాకే ఒంటరివాడు, దిక్కులేక అతని పంచన చేరిన ముగ్గురు ఆడపిల్లలు. ముద్దులూ నెత్తురూ లేని కథ. కింది ఫ్లాట్‌లో ఉంటూ సీఫ్‌లో మాల్ ఊడ్చే మన ఆడపిల్లలు ముగ్గురు ఆ వేళకు కూర గిన్నెతో వచ్చేవాళ్లు. మేస్త్రీకి పిల్లల్లేరు. వీళ్లు ఆయన్ని బాపూ అనేవాళ్లు.

చిక్కేమిటంటే మేస్త్రీకి ఇంగ్లిష్ రాదు. అయినా తర్జుమా ఆపడు! టోపీవాడు రెండు మాటలంటే ఈయన ప్రకటనలు వచ్చేదాకా చెప్పేవాడు.

"సలికి తలగుడ్డ కట్టుకోండ్రి బిడ్డా అంటున్నడు."

పాత పేపర్లు చదివి ఇంగ్లిష్ నేర్చినవాణ్ణి, ఒళ్లు మండదా మరి? "కంచె ఇరిగిందంటున్నడు మేస్త్రీ! తలగుడ్డ ఎక్కడిది?"

"నీకు మాటలే ఎరుక. వాని మొకం సూడు. తండ్రి మొకం."

ఒక శుక్రవారం ముగ్గురిలో చిన్నామె హుషారుగా వచ్చింది. వేరే దేశంలో మంచి డ్యూటీ ఉందని ఎవడో ఏజెంటు చెప్పాడట, మర్నాడే సంతకం. అక్కలిద్దరూ వద్దన్నా వినలేదు. మేస్త్రీ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. టీవీలో టోపీవాడు గుర్రానికి నాడా కొడుతున్నాడు.

"సదువని కాగితం మీద సంతకం పెట్టకు బిడ్డా, పోతే పో గని సదివించుకొని పో, అంటున్నడు" అన్నాడు మేస్త్రీ.

"వాడు నోరే తెరువలే!" అని అరిచాను.

చిన్నామె నవ్వలేదు. సాయంత్రం కాగితం నా దగ్గరికి తెచ్చింది. చదివాను. పని ఏమిటో ఎక్కడా లేదు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలని మాత్రం ఉంది. "ఖలాస్" అని తనే చించేసింది.

మొన్న శుక్రవారం ముగ్గురూ వచ్చారు. కూర గిన్నె కూడా తెచ్చారు. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. టోపీవాడు గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు.

"ఏమంటున్నడు కాకా?" చిన్నామె నన్ను అడిగింది.

వాన వచ్చేలా ఉంది, గేటు వేయండి అన్నాడు. నాకు స్పష్టంగా వినబడింది.

"తిన్నరా బిడ్డా అని అడుగుతున్నడు" అన్నాను.